ఏకపక్షపు తీర్పు: ఆటిజం గలవారును మనమును

ఇద్దరు మనుష్యులకు మాట కుదరనప్పుడు తప్పంతయు ఒక్కరియందే యున్నదని తీర్పు చెప్పుట న్యాయము కాదు. తెనుగు తప్ప వేరొకటి రాని గృహస్థును, బెంగాలీ తప్ప వేరొకటి రాని గృహస్థును ఒక రైలుపెట్టెలో ఎదురెదురుగా కూర్చుండబెట్టినచో ఒకరిమాట యొకరికి తెలియదు. అంతమాత్రముచేత బెంగాలీయుడు మూగవాడనిగాని, అతనికి హృదయము లేదనిగాని ఎవ్వరును అనరు. భాషలు వేరని యందురు. ఆటిజం గల బాలుని విషయమున మాత్రము ఈ సామాన్యన్యాయము మనకు జ్ఞప్తికి రాదు. వాడు మనకు అర్థము కాకపోయినచో లోపము వానిది; మనము వానికి అర్థము కాకపోయినను లోపము వానిదే. వాది, సాక్షి, న్యాయాధిపతి ముగ్గురును మనమే యగుదుము. ప్రతివాదిని పిలువనైన పిలువము. ఈ యేకపక్షపు తీర్పు శాస్త్రమునకును ధర్మమునకును విరుద్ధమని మా వాదము.

ఆటిజం అనునది పుట్టుకతోడనే వచ్చు మెదడు తీరులోని భేదము. అది అంటువ్యాధి కాదు, పెంపకపు దోషము కాదు, పూర్వజన్మపాపఫలము అంతకంటెను కాదు. ఇది గలవారిలో కొందరు అనర్గళముగ మాటలాడుదురు, కొందరు ఒక్క మాటయు పలుకరు. కొందరు గణితమున దిట్టలు, కొందరికి చొక్కా గుండీలు పెట్టుకొనుటకును తోడు కావలెను. ఇంత వైవిధ్యమున్నను తరచుగ కానవచ్చు లక్షణములు కొన్ని కలవు: శబ్దము, వెలుతురు, స్పర్శ అతితీవ్రముగనో అతిమందముగనో తోచుట, నిత్యక్రమము తప్పినచో కలతపడుట, ఒకానొక విషయమందు గాఢమైన ఆసక్తి, ఇతరులతో మాటామంతి సాగించు పద్ధతి భిన్నముగ నుండుట. ఈ లక్షణములు లేని తక్కినవారికి న్యూరోటిపికల్ అను పేరు ఇటీవల వాడుకలోనికి వచ్చినది. మనకును ఒక పేరు పెట్టబడుట మనలో పలువురకు వింతగ నుండును. ఏలయన, ఇంతవరకు పేర్లు పెట్టుచు వచ్చినవారము మనమే.

ఆ పేరు పెట్టుటలోనే తీర్పు ఇమిడియున్నది. గ్రీకున ‘తాను’ అను అర్థము గల పదమునుండి స్విట్జర్లండు వైద్యుడు యూజెన్ బ్లాయ్‌లర్ ఇరువదియవ శతాబ్ది ప్రారంభమున ఆటిజం అను మాటను కల్పించెను; అది అప్పుడు వేరొక మనోవ్యాధి లక్షణమునకు పేరు. 1943లో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించుచు ఆ మాటను వారికి వర్తింపజేసెను. అంతకు 18 ఏండ్లకు పూర్వమే, 1925లో, సోవియట్ దేశమున గ్రున్యా సుఖరేవా అను వైద్యురాలు ఆరుగురు బాలురను గూర్చి ఇట్టి వర్ణనమునే ప్రకటించినను లోకము చాలకాలము ఆమెను గుర్తింపలేదు. స్వలీనత యని మనవారు చేసిన అనువాదమునను అదే భావము: తనలో తాను మునిగినవాడు, పరులతో పని లేనివాడు. లోపలి సంగతి నెరుగనివారు వెలుపలనుండి చూచి వ్రాసిన మాట యిది.

తరువాత నేరము తల్లులమీదికి పోయినది. తల్లి హృదయము చల్లబడుటచేతనే బిడ్డ యిట్లయినాడని చెప్పి, ఆ తల్లులను రిఫ్రిజిరేటరుతో పోల్చి పేరుపెట్టిరి. తానే ఇట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1964లో గ్రంథము వ్రాసి, ఇది మెదడునకు సంబంధించినదే కాని తల్లిప్రేమకు సంబంధించినది కాదని ఖండించెను. ఐనను 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తల్లిదండ్రులను నిందించు గ్రంథమునే వ్రాసి విశేషముగ వ్యాప్తి గాంచెను. ఎందరు తల్లులు చేయని నేరమునకు కన్నీరు కార్చిరో లెక్క పెట్టినవారు లేరు. నేడు శాస్త్రజ్ఞులు ఆ వాదమును కొట్టివేసిరి. కాని కోడలు గ్రహణమునాడు కదలినదనియో, ఉద్యోగమునకు పోయినదనియో, బిడ్డచేతికి సెల్‌ఫోను ఇచ్చినదనియో నేరము మోపు పెద్దలు మన యిండ్లలో లేకపోలేదు. బెటెల్‌హైమ్ పేరైన వినని అతని శిష్యులు మన వీధివీధిని ఉన్నారు.

తల్లులు విడుదలయైన పిమ్మట బిడ్డలే బోనులో మిగిలిరి. 1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ అనువారు ఒక పరీక్షను ప్రకటించిరి. శాలీ అను బొమ్మ తన గోలీని బుట్టలో పెట్టి వెలుపలికి పోవును. ఆన్ అను బొమ్మ దానిని తీసి పెట్టెలో దాచును. శాలీ తిరిగి వచ్చి గోలీకొరకు ఎక్కడ చూచును? బుట్టలో అనుట సరియైన సమాధానము. ఆటిజం గల 20 మంది పిల్లలలో 16 మంది పెట్టెనే చూపిరి. పరుల మనస్సు నూహించు శక్తి వీరికి కొరవడినదని పరీక్షకులు భావించిరి. పరీక్ష అసత్యమని మేము అనము. ఒక బొమ్మకథనుండి జీవితమంతటికి సరిపోవు సిద్ధాంతమును లాగుటనే ఆక్షేపించుచున్నాము. సరిగ చెప్పిన ఆ నలుగురి మాట యేమి? భాష ఎదిగిన కొలది పలువురు ఇట్టి పరీక్షలలో నెగ్గుచుండుట యేమి? అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి గలదు. ఆ బాలుని మనస్సు నూహించు పరీక్షకు మనము కూర్చున్నచో మనకు ఎన్ని మార్కులు వచ్చును?

ఈ ప్రశ్నను 2012లో డేమియన్ మిల్టన్ అను ఆంగ్లేయ సంఘశాస్త్రజ్ఞుడు సూటిగ లేవనెత్తెను. ఆయన స్వయముగ ఆటిజం గలవాడు. లోకానుభవము భిన్నముగ గల ఇద్దరు కలిసినప్పుడు అవగాహన లోపించుట ఉభయులకును కలుగు కష్టము కాని ఒక్కరి తలలోని జబ్బు కాదని ఆయన సిద్ధాంతము. దానికి ఆంగ్లమున డబుల్ ఎంపతీ సమస్యయని పేరు. మనము ఉభయపక్ష సహానుభూతి సమస్య యనవచ్చును. బోనులోని ప్రతివాది తొలిసారిగ నోరు తెరచి, ‘మీరు నాకు అర్థము కాలేదన్న మాట నిజమే, నేను మీకు అర్థమైతినా?’ యని న్యాయాధిపతినే అడిగినట్లయినది.

ఇది కేవలము వాక్చాతుర్యము కాదనుటకు నిదర్శనములు కలవు. 2017లో అమెరికాలో నోవా శాసన్, అతని సహచరులు ప్రకటించిన పరిశోధనమున, ఆటిజం గలవారిని కొన్ని క్షణములు చూచినంతనే సామాన్యులు వారిని తక్కువగ నెంచిరి, వారితో స్నేహమునకు వెనుకాడిరి. కాని వారు పలికిన మాటలను మాత్రమే వ్రాతలో చూపినప్పుడు ఆ వైముఖ్యము లేకపోయినది. అనగా మనము త్రోసివేయుచున్నది వారి మాటలోని విషయమును కాదు. వారి కంఠస్వరమును, చూపును, నిలువుతీరును. విషయము విననివారము మనమైయుండి, వినిపింపలేనివారని వారికి పేరుపెట్టితిమి.

మరియొక నిదర్శనము. 2020లో కాథరిన్ క్రాంప్టన్ మొదలగువారు ఒక కథను ఒకరినుండి ఒకరికి, ఎనమండ్రవరకు, చెప్పించుచు పోయిరి. అందరును ఆటిజం గలవారైన వరుసలో కథ ఎంత నిలిచినదో, అందరును సామాన్యులైన వరుసలో అంతయే నిలిచినది. ఇరువురును కలిసిన వరుసలలోనే ఎక్కువగ జారిపోయినది. 2025లో ప్రకటింపబడిన పెద్ద పరిశోధనమున 311 మందితో పరీక్షింపగా, మూడువిధముల వరుసలలోను కథ ఒకే రీతిని సాగినది. మొదటి ఫలితములోని ఒక భాగమునకు రెండవది తోడు రాలేదని నిజాయితీగ చెప్పవలెను. కాని రెండు పరీక్షలును ఏకముగ చెప్పునదేమి? ఆటిజం గలవారు తమలో తాము మాటలాడుకొనుటయందు ఇతరులకు తీసిపోలేదనియే. సంభాషణశక్తియే వారికి లేదను పాతమాటకు రెంటియందును చోటు దొరకదు.

మన శాస్త్రకారులకు ఈ సంగతి క్రొత్తది కాదు. శబ్దార్థవిచారమున ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి గలదు. ‘సైంధవమును తెమ్ము’ అని యజమాని సేవకునితో ననెను. సైంధవమనగా ఉప్పు, సైంధవమనగా సింధుదేశపు గుర్రము. భోజనవేళ ఉప్పును, ప్రయాణవేళ గుర్రమును తేవలెను. మాటలో లేనిదానిని ప్రకరణమునుబట్టి గ్రహింపవలెనని శాస్త్రము. విస్తరివద్దకు గుర్రమును తోలుకొని వచ్చిన సేవకుని చూచి మనము నవ్వుదుము. రెండర్థముల మాట పలికి, తన తాత్పర్యమును గుప్పిట దాచుకొన్న యజమానిని చూచి నవ్వము. ‘ఉప్పు తెమ్ము’ అనుటకు ఆయన నోటికి వచ్చిన కష్టమేమి?

తెనుగువారి యిండ్లలో ఇట్టి సైంధవములకు కొదువ లేదు. ఇల్లు విడుచునప్పుడు ‘పోవుచున్నాను’ అనుట అశుభమని ‘వెళ్ళివచ్చెదను’ అందుము. ఆ మాట నమ్మి చుట్టమునకై సాయంకాలమువరకు గుమ్మమున కూర్చున్న బాలుని వెర్రివాడందుము. గడపదాటుచున్నవారిని ‘భోజనము చేసి పోరాదా’ యని అడుగుదుము. పిలుపు ఎంతవరకో వారికి తెలియును, మనకు తెలియును. పిల్లవాడు లోనికి పోయి కంచము పెట్టివచ్చినచో తల్లి మొగము మాడును. ‘కూర యెట్లున్నదమ్మా?’ యని అడిగిన పినతల్లితో ‘ఉప్పెక్కువ’ యని యున్నమాట చెప్పిన బాలిక మర్యాద తెలియనిది. సత్యము పలుకుమని బడిలో నేర్పుదుము. పలికినందుకు ఇంట చీవాట్లు పెట్టుదుము. ఇందులో అర్థము కానిది ఎవరి ప్రవర్తనము?

చూపు సంగతియు అట్టిదే. పెద్దలయెదుట కన్నెత్తి చూడరాదని మన పూర్వులు పిల్లలకు బుద్ధి చెప్పిరి. కన్నెత్తి చూడని కోడలిని ఊరెల్ల మెచ్చుకొనిరి. నేడు ఆటిజం గల బాలుడు ఎదుటివాని కన్నులలోనికి చూడలేదని, చూచినచో మిఠాయి, చూడనిచో మందలింపు అను పద్ధతిని గంటలతరబడి శిక్షణ యిప్పించుచున్నాము. కన్నులలోనికి చూచుచు మాటను వినుట తమకు దుస్సహమనియు, చూపు మరల్చినప్పుడే మాట చక్కగ చెవికెక్కుననియు వారిలో పలువురు చెప్పుచున్నారు. మనకు కావలసినది వాడు వినుటయా, విన్నట్లు కనబడుటయా? ఇక ఒదిగి, మాటలాడక, చెప్పినట్లు చేయు బాలికను బుద్ధిమంతురాలని మెచ్చి, ఆమెకు కావలసిన తోడ్పాటును గుర్తింపక విడుచుచున్నాము. ఆడుపిల్లలలో ఆటిజం ఆలస్యముగ తెలియుటకు ఇట్టి మెచ్చుకోలు ఒక కారణమనుటలో సందేహము లేదు.

అలంకారశాస్త్రమున ఇంతకంటె ఉదారమైన భావము గలదు. కావ్యమునకు కవి యొక్కడే చాలడు, సహృదయుడును కావలెనని అభినవగుప్తుడు మొదలగువారు నిర్ణయించిరి. కవి హృదయముతో తన హృదయమును కలుపగలవాడే సహృదయుడు. శ్లోకము బోధపడనిచో కవిని మూగవాడనక, పాఠకుడు తన్ను తాను సిద్ధపరచుకొన్నాడా యని విచారించుట మన సంప్రదాయము. కాళిదాసు పద్యమొకదానికై నాలుగు వ్యాఖ్యానములు తిరుగవేయు పండితుడు, తన యింట సంతోషము పట్టలేక చేతులాడించుచు గంతులిడు మనుమని చేష్టకు ఒక్క నిమిషమైనను వ్యాఖ్యానము వెదకడు. పుస్తకమునకిచ్చు సహృదయత బిడ్డకు ఈయరాదా?

ఇక పూర్వపక్షములను విచారింతము. ‘లోకము మీ పిల్లవానికై మారునా? వాడే మారవలెను’ అని కొందరు అందురు. వీధి దాటుట, ఆకలి దప్పుల చెప్పుకొనుట, సాయమడుగుట నేర్పవలదని మేము అనము. అవి వాని స్వాతంత్ర్యమునకు సాధనములు. కాని తన స్వభావమును దినమెల్ల దాచుకొని సామాన్యునివలె నటించుట నేర్పుట వేరు. సారా కాసిడీ మొదలగువారు 2018లో బ్రిటనున ప్రకటించిన పరిశోధనమున, ఆటిజం గల పెద్దవారిలో ఇట్టి మరుగుపరచుటకును ఆత్మహత్యాభావములకును సంబంధము కానవచ్చినది. వేషము తీయుటకు వీలులేని నాటకమది. మనకు సౌకర్యముగ కనబడుటకై ఒకరు ప్రాణముమీదికి తెచ్చుకొనవలెనా? ఇక లోకము మారదను మాటయు సత్యము కాదు. చూపులేనివారికి బ్రెయిలీ లిపియు, వినలేనివారికి సంజ్ఞాభాషయు వచ్చినవి. లోకము మారినది, అడుగగా అడుగగా మారినది.

‘మాటలు వచ్చిన కొందరికి మీ వాదము చెల్లును, మాటయే లేక, తలను గోడకు కొట్టుకొను బిడ్డకు ఇది చెల్లునా?’ యని మరికొందరు అడుగుదురు. ఈ ప్రశ్న వెనుక రాత్రులు నిద్రలేని తల్లిదండ్రుల అలసట గలదు. దానిని తేలికచేయుట పాపము. అట్టి బిడ్డకు వైద్యము, శిక్షణము, జీవితాంతము తోడు కావలసియుండవచ్చును. అవి వలదని చెప్పు సిద్ధాంతము కాదిది. కాని మాట లేనిచోటనే వినువాని బాధ్యత ఇనుమడించును. కుక్కరు కూతకు చెవులు మూసుకొని నేలబడి ఏడ్చు బిడ్డ మంకుపట్టు పట్టుటలేదు, బాధను చెప్పుచున్నాడు. తల బాదుకొనువానికి చెవిపోటో పంటినొప్పియో యున్నదేమోయని ముందు చూపింపవలెను. బొమ్మల చీట్లు, వ్రాత, యంత్రము, సంజ్ఞ ఇవన్నియు భాషలే. నోట మాట లేకపోవుట మనస్సు లేకపోవుట కాదు.

మూడవ పూర్వపక్షమును ఎవ్వరును పైకి చెప్పరు, ఇండ్లలో ఆచరింతురు. ‘నలుగురికి తెలిసినచో పెద్దపిల్ల పెండ్లి కాదు’ అని బిడ్డను చుట్టములు వచ్చినప్పుడు లోపలిగదిలో నుంచుదురు. సంస్కరణాభిమానులమని చెప్పుకొను కుటుంబములును దీనికి మినహాయింపు కావు. శాసన్, మారిసన్ అనువారు 2019లో ప్రకటించిన పరిశోధనమున, ఎదుటివానికి ఆటిజం గలదని తెలిసినప్పుడును, ఆటిజమును గూర్చిన జ్ఞానమున్నప్పుడును, చూపరుల అభిప్రాయము మెరుగుపడినది. దాచుట అపకీర్తిని తగ్గింపదు, పెంచును. తెలియనిదానికే జనులు భయపడుదురు. తమ్ముని దాచి చేసిన వివాహమున అక్క ఏ ధైర్యముతో కాపురము చేయును?

శాసనము మనకంటె ముందు నడచినది. 1995నాటి వికలాంగుల చట్టమున ఏడు విధములే యుండగా అందులో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టము దానిని చేర్చుకొన్నది. 2016నాటి చట్టము 21 విధములను గుర్తించి, వానిలో ఆటిజమును పేర్కొని, ప్రభుత్వపు సాయముగాని గుర్తింపుగాని గల విద్యాలయములు వివక్ష లేక చేర్చుకొనవలెననియు, తగిన సదుపాయములు కల్పింపవలెననియు విధించినది. కాని ‘తక్కిన పిల్లలకు ఇబ్బంది’ యని తియ్యగ చెప్పి పంపివేయుట వినరాని సంగతి కాదు. చేర్చుకొన్నచోటను వెనుక బల్లమీద కూర్చుండబెట్టి మరచుట చేర్చుకొనుట కాదు. ఉపాధ్యాయవృత్తియందున్న మేము మా తోడివారికి చెప్పునదేమనగా: తరగతిలో నలువదిమంది యున్నారను సాకు నిజమే; ఐనను నేటి పాఠక్రమమును నల్లబల్లమీద వరుసగ వ్రాయుటకు, గంట కొట్టుటకు ముందు ఒక మాట చెప్పుటకు, ‘సరిగా కూర్చో’ అనక ‘వీపు ఆనించి కూర్చో’ అనుటకు ధనము అక్కరలేదు.

గృహస్థులు చేయదగినవియు కష్టసాధ్యములు కావు. చెప్పదలచినది సూటిగ చెప్పవలెను. ‘ఇప్పుడే’ అనుటకు మారుగ ‘పదినిమిషములలో’ అని, చెప్పినట్లు జరుపవలెను. పెండ్లిపందిరికి తీసికొనిపోవునప్పుడు మేళము మ్రోగనిచోట ఒక మూలను ముందే చూచుకొనవలెను. ముట్టుకొనుటకు, బుగ్గ గిల్లుటకు ముందు అడుగవలెను. వాడు రైళ్ళ వేళలను గూర్చి చెప్పుచున్నచో అది అధికప్రసంగమని త్రోయక, తన సంపదను మనముందు పెట్టుచున్నాడని గ్రహింపవలెను. వానిని గూర్చి వానియెదుటనే, వాడు లేనట్లుగ, మాటలాడరాదు. తోబుట్టువులకు సంగతి దాచక చెప్పవలెను. ఆటిజం గల పెద్దవారు తమ యనుభవములను చెప్పుచున్నప్పుడు, వైద్యుని మాటతోపాటు వారి మాటకును పీట వేయవలెను.

చదువరులారా, అర్థము చేసికొనుట ఇరువైపుల ఋణము. ఆ బాలుడు తనవంతు చెల్లించుచునే యున్నాడు: మన బడికి వచ్చుచున్నాడు, మన మాట నేర్చుచున్నాడు, మన రొద సహించుచున్నాడు, మన అసత్యపు పిలుపులను నమ్మి నవ్వులపాలగుచున్నాడు. మనవంతు ఇంకను ఖాతాలోనే యున్నది. దానిని తీర్చుటకు ముందు వానిని గూర్చి తీర్పు చెప్పు అధికారము మనకు లేదు.